పులి నీళ్లు తాగిన కుంట

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నీ సమాధి మీద పూలు పెట్టి వచ్చినాము. సాయంత్రం చూసింది మాత్రం నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

యర్రగొండపాలెం అడవి అంచున మన ఊరికి రెండు కుంటలు తవ్వాలని నువ్వు ప్లాను గీసినావు. కింది కుంట గొడ్లకు, బావుల్లో ఊటకు. దానికి అందరూ ఒప్పుకున్నారు. గొడవంతా అడవి జంతువులకని గీసిన లోపలి కుంట దగ్గరే. చిరుతకు బర్రెను పోగొట్టుకున్న మరియమ్మత్త, "మనకే తాగను నీళ్లు లేవు, వాటికి కుంట ఏందే?" అని అరిచింది.

"అక్కడ నీళ్లుంటే అవి మన కొట్టాల దగ్గరికి ఎందుకొస్తాయి అత్తా?" అన్నావు నువ్వు. తవ్వే పని కూడా మన ఆడోళ్లకే ఇప్పించినావు.

ఈ వానలకు రెండూ నిండినాయి. ఇవాళ కట్ట చూసొద్దామని మరియమ్మత్త, నేను ఫారెస్టు గార్డుతో పోయినాము. గుట్ట ఎక్కంగానే గార్డు చెయ్యి అడ్డం పెట్టినాడు. కింద లోపలి కుంట దగ్గర పెద్దపులి, పక్కన రెండు పిల్లలు. అది వంగి తాగుతుంటే అలలు మెల్లగా అవతలి గట్టుదాకా పోతున్నాయి. మేము మోసిన మట్టి మీదనే అక్కా, దాని పాదాలు! ఒకసారి తలెత్తి మా దిక్కు చూసింది. మళ్లీ వంగి తాగింది.

గుట్ట దిగి రోడ్డెక్కినాక మరియమ్మత్త నా చెయ్యి పట్టుకుని, "ఈ సంగతి మీ అక్కకు చెప్పవే" అన్నది.

చెప్తున్నా అక్కా.