గంటకు ముప్పై ఆరు కిలోమోల్స్

అక్కా,

నువ్వు పచ్చకామెర్లతో పోయి ఇవాళ్టికి ఏడాది. అయినా అమ్మ నన్ను కోరుట్ల నుంచి ఇంటర్వ్యూకు పంపింది.

రసాయనాల ఫ్యాక్టరీలో పెద్దసారు ఒకటే అడిగారు. "పైపుల గంటకు ముప్పై ఆరు కిలోమోల్స్ గ్యాస్ పోతంది. సెకనుకు ఎన్ని మోల్స్?"

నేను కాగితం తీసుకోలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా నువ్వు నాతో ఈ లెక్కలే చేయించావు. "కిలో ఉంటే వెయ్యితోని గుణించు, గంట ఉంటే మూడువేల ఆరువందలతోని భాగించు. ఒకటి చేసి ఇంకోటి మర్వకు చెల్లె" అనేదానివి.

"పది సార్" అన్నాను.

"గింత జల్ది ఎట్ల చెప్పినవమ్మా? ఎవలు నేర్పిండ్రు?"

"మా అక్క సార్. కెమికల్ ఇంజనీరింగే చదివింది."

"ఇప్పుడు యాడ చేస్తంది?"

"ఇంటికాడనే ఉంటది సార్."

ఉద్యోగం ఇచ్చారు. నాకు సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. బస్టాండులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ నీ ఫోటో ముందు విస్తరి వేసి అన్నం వడ్డిస్తోంది. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"ముందుగాల అక్కకు చెప్పుపో" అంది.

నీ ఎదురుగా కూర్చుని కాగితం తీసుకున్నాను. నీకే రాస్తున్నాను. సోమవారం పనిల చేరుతున్న, అక్కా.