సాంబయ్య సంతకం

సీతా,

నువ్వు పోయి పదకొండేళ్లు. మిరపకాయల తొడిమలు తీసి సంపాదించిన కూలి డబ్బంతా మీ తమ్ముడు సాంబయ్యకు దోచిపెట్టావని ఇన్నాళ్లూ నమ్మాను. అడిగితే నువ్వు నోరు విప్పలేదు. చెబితే పురుగుమందుల కొట్టు బాకీకి కట్టేస్తానని నీకు తెలుసు. నీ పెద్దకర్మకు వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేశాను.

మొన్న పక్కింటి టీచరమ్మ చనిపోయిన వాళ్ల నాన్న బ్యాంకుల్లో వదిలేసిన డబ్బు కోసం ఫోన్లో వెతుకుతూ, నీ పేరు కూడా కొట్టి చూసింది. ఒంగోలు బ్యాంకులో నువ్వు దాచుకున్నదంతా, పదేళ్లు ఎవరూ కదపలేదని రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిందట. నామినీ పేరు లేదు కాబట్టి, అది తిరిగి రావాలంటే నీ పుట్టింటివాళ్లలో ఒకరు సాక్షి సంతకం పెట్టాలన్నారు బ్యాంకువాళ్లు.

నిన్న మీ ఊరు వెళ్లాను. సాంబయ్య కళ్లంలో కాయలు తిరగేస్తున్నాడు. నేనిచ్చిన కాగితం చదివి తలెత్తాడు.

"అక్క డబ్బు తిన్నానని ఊరంతా చాటావుగా బావా! ఇప్పుడు ఈ దొంగోడి సంతకం చెల్లుద్దా?"

నేను తల దించుకున్నాను. వాడు కండువాకు చేతులు తుడుచుకుని పెన్ను అందుకున్నాడు.

"చెప్పు, ఏడ పెట్టాలి?"

క్షమించరా అని అడగాలని బస్సులో ఎన్నిసార్లో అనుకున్నాను. ఆ మాట రాలేదు సీతా. కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ" అన్నాను.