పాడేవాళ్లు లేని క్యాసెట్

మాదాపూర్, గురువారం, జులై 1999

ఒక టెక్నో ఆల్బమ్ మీద, అంటే మెషీన్లతో చేసిన సంగీతం మీద, నేను రాసిన సమీక్షను మా పత్రిక ఆదివారం పేజీలోంచి తీసేశారు. ఎడిటర్ మూర్తిగారు పొద్దున తన గదిలో ఆ క్యాసెట్ పెట్టి విన్నారు. కాసేపటికి టేపు ఇరుక్కుందనుకుని ఆపి, పెన్సిల్‌తో తిప్పి మళ్లీ వేశారు. మళ్లీ అదే దరువు.

"ఇరుక్కోలేదండీ, పాటే అంత," అన్నాను.

"పాడేదెవరు? రాసిందెవరు?"

"ఎవరూ లేరండీ."

"మరి సమీక్ష దేనికయ్యా? ఇలాంటివి విని కుర్రాళ్లు చెడిపోతున్నారని ఒక పేరా కలుపు, వేసేద్దాం. లేదంటే ఈ కాలమ్ ఇంకెవరికైనా ఇస్తాను."

చెడిపోయినవాళ్లు నాకు కనబడలేదు. హైటెక్ సిటీలో షిఫ్టు దిగి, చెవులకు హెడ్‌ఫోన్స్‌తో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కనబడ్డారు. క్యాసెట్ రెండో వైపు ఆ దరువు మీదికి ఒక్కో శబ్దమే వచ్చి చేరుతుంది. చివర్న అన్నీ ఆగిపోతే, మా ఇంటి ఫ్యాన్ చప్పుడు కూడా కొత్తగా వినిపించింది. నేను రాసింది అంతే.

కాలమ్ పోతే మళ్లీ పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగే క్రైమ్ బీటేనేమో...

పోనీ. పేరా కలపను. రేపు అదే కాపీ, అక్షరం మార్చకుండా, ఆయన బల్ల మీద పెడతాను. క్యాసెట్ కావాలనే ఆయన గదిలో వదిలేసి వచ్చాను. ఆయన రెండో వైపు ఇంకా వినలేదు.