పజుండౌంగ్ కమాను కింద స్తంభం

తాతా, దండాలు. నువ్వు పోయి ఏడు నెలలైంది. క్షేమమేనా అని అడగకూడదేమో... అయినా అడుగుతున్నాను. ఇంట్లో మర్యాదలు చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే కదా!

మన పజుండౌంగ్ పేటలో గుడి ముందు మురుగుకాలువ మీద నువ్వు కట్టిన ఇటుక కమాను సంగతి చెప్పాలి. నీ పాత క్యాలెండరు బొమ్మ చూసి కట్టావు... ఏదో పాత పట్నంలో రోమన్లు కట్టిన రాతి వంతెన. తేదీలు చింపేసి బొమ్మ ఒక్కటే గోడకి ఉంచావు. "ఓరే, అందులో ఇనప చువ్వ ఉందేటి? రాయిని రాయి తోసుకుంటాది, అంతే!" అనేవాడివి. ఏ ఊరిదని అడిగితే, "వంతెన చూడరా, ఊరుతో నీకేటి పని?" అని కసిరేవాడివి.

కమాను పూర్తయింది. ఇటుకలు బిగిసేదాకా కింద మోసే చెక్క సెంట్రింగు తీయకముందే నువ్వు పోయావు. తీసేటప్పుడు కట్టినవాడే కింద నిలబడాలన్నది మీ తాపీ మేస్త్రీల ఆచారం. "పడితే ముందు ఆడి నెత్తి మీదే పడాల" అని నవ్వేవాడివి. నువ్వు లేవు కాబట్టి గుడి కమిటీ నీ మనవణ్ని, సాక్షాత్తు సివిల్ ఇంజినీరుని, పిలిచింది.

నేనేం చేశానో తెలుసా?

రెండు రోజులు లెక్కలు వేశాను. నిలుస్తుందనే తేలింది. అయినా కింద నిలబడాలంటే భయమేసింది తాతా... 'భద్రత దృష్ట్యా నడుమ కాంక్రీటు స్తంభం అవసరం' అని గంభీరంగా రాసి సంతకం పెట్టాను. స్తంభం లేచాకే సెంట్రింగు తీశారు. కింద ఎవరూ నిలబడలేదు.

వానలకి చెత్తంతా ఆ స్తంభానికే అడ్డుపడింది. మురుగు పొంగి గుడిలోకొచ్చింది. పోయిన వారం స్తంభం ఒరిగి కాలువలో పడింది. నీ కమానులో ఒక్క ఇటుక కదల్లేదు. నా స్తంభం ఏమీ మోయకుండా దర్జాగా నిలబడిందన్నమాట ఇన్నాళ్ళూ... అచ్చం నాలాగే. టీకొట్టులో ఇక్కడి భాషలో అన్నా అన్నట్టు 'కో అప్పన్న' అని గౌరవంగా పిలిచేవాళ్ళు ఇప్పుడు 'కో స్తంభం' అంటున్నారు.

తప్పు మాత్రం ఎవరిదన్నారు కమిటీవాళ్ళు? నీదే. ముసలి మేస్త్రీ పని కదా, కమాను కొట్టేసి కాంక్రీటు పలక వేద్దాం, సంతకం పెట్టమని కాగితం తెచ్చారు. చచ్చినవాడు సమాధానం చెప్పలేడని ఎంత ధైర్యం! ఆ ధైర్యం ఇచ్చింది నా మొదటి సంతకమే కదా?

నిన్న కమిటీ ముందు నిజం చెప్పాను. కమాను గట్టిదని నాకు ముందే తెలుసు, భయపడి రాశాను అని. నమ్మలేదు. అంత గట్టిదైతే అమ్మవారి రథం దాని మీంచి వెళ్ళేటప్పుడు కింద నిలబడమన్నారు, వెటకారంగా. సరేనన్నాను.

ఊరేగింపు ఎల్లుండి. మోకాలిలోతు మురుగులో ఉంటాను తాతా. భయమేస్తుంది... వేయనీ. బయటికి మాత్రం రాను.

నీ మనవడు,
అప్పన్న