బోదకాలు మాత్రల జ్వరం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న నర్సమ్మ బోదకాలు మాత్రలు నా చేత మింగించి, "జ్వరమొస్తే కంగారుపడకండి బాబాయిగారూ. ఒంట్లో పురుగులు చస్తుంటే వచ్చే జ్వరమండి అది," అంది.

"ఆ ముక్క అప్పుడు చెప్పడానికి మీవాళ్లకి నోళ్లు లేవా?" అన్నాను. పాపం, అప్పటికి ఆ పిల్ల బడిలో ఉండి ఉంటుంది.

ఆ రోజుల్లో నీకు పన్నెండు రోజులకని మాత్రలిస్తే, రెండో రోజే జ్వరమొచ్చిందని, మందు పడలేదని మిగతావి కాలువలో పారేసింది నేనే. తర్వాత బతికినన్నాళ్లూ వాచిన కాలు కుచ్చిళ్ల కింద దాచుకున్నావు. నన్నొక్క మాటైనా తిట్టలేదు. తిట్టాల్సింది.

సాయంత్రానికి నాకు జ్వరం వచ్చింది. నా ఒంట్లోనూ పురుగులున్నాయన్నమాట. మా అమ్మాయికి వేయమని నర్సమ్మ ఇచ్చి వెళ్లిన మాత్రలు తీస్తే, "మీకే ఇలా ఉంటే పిల్లకెందుకండీ?" అని మా ఆవిడ అడ్డుపడింది. మింగాల్సిందేనని అరిచాను. నీ దగ్గర అరవాల్సిన అరుపది. అమ్మాయి ఏడుస్తూనే మింగింది.