తొండం అతికిన చెయ్యి

ఇందుమూలంగా సోనారి క్వార్టర్ల ప్రజలందరికీ తెలియపరచడమేటంటే, మా బావ బొమ్మల సైన్యంలో పట్టపుటేనుగు తొండం ఊడిపోయింది!

నవ్వకు బావా. నువ్వు పోయి రేపటికి ఏడాది. మనిద్దరం ఆడే యుద్ధమాటకి బల్లమీద రెండు సైన్యాలూ పరిచి, నీ వంతు పాచికలూ నేనే వేసి ఆడతంటే ఊడింది. సాక్చి బజారులో కొన్న ఏనుగుకి, తొండం పైకెత్తినట్టుండాలని, పాము బొమ్మ తోక కోసి పెట్టావే, అదే. నేను జిగురు పూస్తంటే అక్క లాక్కుంది. హాక్సా బ్లేడు స్టవ్వు మీద కాల్చి, ప్లాస్టిక్కు కరిగించి, రెండు నిమిషాల్లో అతికేసింది. 

"ఇదెప్పుడు నేర్చావే అక్కా?"

"తలలు కోసి మార్చిందీ, గుర్రాలకి రౌతుల్ని అతికిందీ నేనేరా. ఆయన రంగులేసీవోరు, అంతే. నీకెప్పుడూ చెప్పలేదేటి?"

ఇన్నేళ్లూ "నీ చేతిలో బ్రహ్మున్నాడు బావా" అని నిన్ను పొగిడిన సన్నాసిని నేను! ఒక్కసారైనా కాదన్నావా, దొంగ మొగమా?

అక్క నా మొహంకేసే చూస్తంది. "చెప్పాడక్కా. ఆసుపత్రిలో, ఆఖర్న. ఈ సైన్యమంతా మీ అక్కదేరా అన్నాడు" అన్నాను. అక్క ఏనుగుని కొంగుతో తుడిచి ముందు వరసలో నిలబెట్టింది.

ఆసుపత్రిలో నువ్వడిగింది మంచినీళ్లే బావా. ఆ మాట నేను పుట్టించిందే.