మామగారి గొంతూ, నా యాంప్లిఫైయరూ

మే 4, ఆదివారం. ఉదయం 7:10
ఒట్టు! నా చేతుల్తో, ఎవరి సాయమూ లేకుండా యాంప్లిఫైయర్ తయారుచేస్తాను. గడువు జూన్ 14, మా పెళ్ళికి పాతికేళ్ళు నిండే రోజు. మా ఆచారం ప్రకారం ఆ పొద్దున్నే పేటవాళ్ళంతా మా గుమ్మంలోకొచ్చి పాడతారు. పాటయ్యాక క్యాసెట్ వేస్తాను. మా పెళ్ళి విందులో ఓస్వాల్ మామగారు మాట్లాడిన క్యాసెట్. ఆయన ఫిబ్రవరిలో పోయారు. నా భార్య విబెకెకి తండ్రి గొంతు మిగిలింది అందులోనే.

మా ఊరు స్ట్రూయర్‌లో ఇంటికొకడు రేడియో ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. నాలాంటి జాగ్రఫీ మాస్టారికి యాంప్లిఫైయర్ ఎందుకని నవ్వుతారు. నవ్వనీ!

10:30
కొత్తదానికోసం పాత యాంప్లిఫైయర్ పొట్ట చీల్చి ట్రాన్స్‌ఫార్మర్ లాగేశాను. కొట్లో కొన్న డొక్కు! ఇక వెనక్కి దారి లేదు.

"కొత్తది పలికాక పాతది విప్పొచ్చుగా?" అంది విబెకె.

పిరికివాళ్ళు అలాగే అడుగుతారు.

మే 11
జర్మనీ నుంచి సామాను వచ్చింది. రెసిస్టర్లు నూట పన్నెండు, కరెంటు తీగ, ప్లగ్గు, అన్నీ ఒకే పెట్టెలో. ప్లగ్గు మా గోడలోకి వెన్నలా దిగింది. జర్మన్లు జర్మన్లే! మావాళ్ళు పదిమంది కూర్చుని కాఫీ తాగుతూ చేసే పని అది.

వేళ్ళు కాలాయి: రెండు. లెక్కలోకి రాదు.

మే 24. మధ్యాహ్నం 3:15
పలికింది!!!

3:16
వెనకాల గుయ్యిమని ఒకటే హోరు. పెట్టె ముట్టుకుంటే వేళ్ళకి చీమలు పాకినట్టుంది. చేత్తో చేసిన వస్తువుకి ప్రాణం ఉంటుంది మరి.

పక్కింటి హోల్గర్ కంచె మీంచి తల పెట్టాడు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు వెలగబెట్టిన ఘనుడు.

"ఏం మాస్టారూ, తేనెటీగల్ని పెంచుతున్నావా?"

"కాస్త హోరు. సర్దుకుంటుంది."

"ముందు ప్లగ్గు చూడు."

ప్లగ్గట! ముప్ఫై ఏళ్ళకి నేర్చింది అదన్నమాట. "గోడలో పెట్టాలని నాకూ తెలుసులే" అన్నాను. తల లోపలికి తీసుకున్నాడు.

మే 31
హోరుకి కారణాలు:
ఫ్రిజ్. (రోజంతా ఆపాను. పాలు విరిగాయి. హోరు అలాగే ఉంది.)
విబెకె కుట్టుమిషను. (తీగ పీకేశాను. తిట్లు తిన్నాను.)
హోల్గర్ గడ్డి కోసే మిషను. కంచె దగ్గరికెళ్ళి ఆపమన్నాను.

"ఇది చేత్తో తోసేది మాస్టారూ. దీనికి కరెంటెక్కడిది?"

వెటకారం! పొరుగువాళ్ళని బట్టే మనశ్శాంతి.

జూన్ 7
మొత్తం విప్పి మళ్ళీ అతికించాను. మూడోసారి. ఇప్పుడు హోరు ఇంకాస్త నిండుగా ఉంది.

నిజానికి పాత క్యాసెట్లకి కొంచెం హోరుంటేనే అందం. ఆ మాటే విబెకెతో అన్నాను.

"నాకు కావలసింది మా నాన్న గొంతు. నీ హోరు కాదు. హోల్గర్‌ని పిలు."

"ఒట్టు పెట్టుకున్నాను."

"నీ ఒట్టు నాన్నకంటే ఎక్కువా?"

 

జూన్ 13. సాయంత్రం 5:00
బయట పేటవాళ్ళు గుమ్మానికి కొమ్మలతో తోరణం కడుతున్నారు. ఆచారం ప్రకారం మేం చూడనట్టు నటించాలి. నాకు నటించే పని లేకపోయింది, తలెత్తితేగా! లోపల గుయ్.

"రేపు క్యాసెట్ వద్దులే" అన్నాను. విబెకె క్యాసెట్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. పాతదాన్ని ముక్కలు చేసి, కొత్తదాన్ని పలికించలేక, మామగారిని రెండోసారి పాతిపెట్టాను. దద్దమ్మని.

జూన్ 14. ఉదయం 6:30
గుమ్మంలో బూరల మోత. పాతికమంది గొంతెత్తి పాడారు, సగంమంది శ్రుతి తప్పి. లోపలికి పిలిచాం. కాఫీ, వేడి రొట్టెలు. ఆ సందట్లో చూస్తే విబెకె క్యాసెట్ గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. నావైపు చూడటం లేదు.

ఒట్టు గట్టున పెట్టాను. "హోల్గర్, ఒకసారి చూస్తావా" అన్నాను, అందరి ముందూ.

పెట్టె లోపలికి తొంగి కూడా చూడలేదు మహానుభావుడు. గోడలోంచి ప్లగ్గు పీకి పైకెత్తి అందరికీ చూపించాడు.

"జర్మనీ ప్లగ్గు. మన గోడలో దూరుతుంది గానీ ఎర్త్ అందదు. చీమలు పాకాయా? పాకుతాయి మరి. పోయేవాడివి మాస్టారూ! మొదటిరోజే చెప్పాను."

ఇంటికెళ్ళి మా దేశపు ప్లగ్గు తెచ్చి బిగించాడు. నాలుగు నిమిషాలు. హోరు లేదు.

క్యాసెట్ వేశాను. ఇదివరకు మామగారి ఉపన్యాసానికి ముందంతా ఒకటే గుసగుస, ఏమీ తెలిసేది కాదు. ఇవాళ కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినబడింది. ఆ తర్వాత మామగారు పక్కవాళ్ళతో మెల్లగా అన్న మాట, గదంతా వినేలా:

"కుర్రాడు మంచివాడే. మొదలెట్టింది ఏదీ పూర్తి చెయ్యడు, అదే గొడవ. మా పిల్లని మాత్రం సగంలో వదిలెయ్యకపోతే చాలు."

గొల్లున నవ్వారు. హోల్గర్ అయితే గోడ పట్టుకుని నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. కోరి తయారుచేసుకున్నది ఇందుకా!

విబెకె నవ్వలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ వెయ్యి" అంది.

ఏడుసార్లు వేశాను. ఏడోసారి నాకూ ఏడుపొచ్చింది.

జూన్ 15. ఉదయం 8:00
రొట్టెల కొట్లో హోల్గర్ కథ చెబుతున్నాడు, యాంప్లిఫైయర్ తనే చేసినట్టు! నాలుగు నిమిషాలు ప్లగ్గు బిగించినవాడిదా, ఆరు వారాలు వేళ్ళు కాల్చుకున్నవాడిదా?

ఒట్టు! రెండో యాంప్లిఫైయర్. మొదటిదానికి రెట్టింపుది. ఎవరి సాయమూ లేకుండా. గడువు క్రిస్మస్.

8:20
విబెకె ముందు గదిలోంచి అరుస్తోంది. "నీ యాంప్లిఫైయర్‌కి మూత బిగించలేదు. తీగలన్నీ బయటే ఉన్నాయి!"

మూతదేముంది, ఎవడైనా బిగిస్తాడు. రేపు చూద్దాం.